లెఫ్టినెంటును కొట్టిన కేసు

1999 జూలై నాటికి గియాసుద్దీన్ జుట్టు కత్తిరించుకుని నాలుగు నెలలైంది. అడిలైడ్‌లో, మాసన్ లేక్స్ పక్కనున్న టెక్నాలజీ పార్కులో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి అతను కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో రాసి వదిలేసిపోయిన కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను వెతికి నాలుగంకెల్లోకి మార్చడం అతని పని. పొద్దస్తమానం తేదీలు వెతికి వెతికి అతని మొహం పొడుగ్గా సాగి, బతుకు మీద విరక్తి పుట్టినవాడి మొహంలా తయారైంది. జుట్టు భుజాల మీదికి దిగింది.

ఆ వాలకమే అతన్ని ఇరికించింది.

అతని భార్య రుఖయ్యాది గుడివాడ. అతనిది బందరు. ఇద్దరూ తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళే కాబట్టి పెద్దవాళ్ళతో ఉర్దూ మాట్లాడినా తమలో తాము మాట్లాడుకునేది తెలుగే. రుఖయ్యా హిస్టరీలో ఎమ్మే చేసింది. అడిలైడ్‌లో ఆ ఎమ్మేని అడిగినవాడు లేడు. ఇంట్లో కూచుని గోడలు చూడలేక వారానికి రెండు మధ్యాహ్నాలు ఊరి లైబ్రరీలో జీతం లేకుండా పుస్తకాలు సర్దుతోంది. అక్కడే ఆమెకు మార్గరెట్ పరిచయమైంది. మార్గరెట్ లైబ్రేరియనే కాక, ఆ చుట్టుపక్కల రిటైరైనవాళ్ళు నడుపుకునే చరిత్ర సంఘానికి కార్యదర్శి కూడా.

ఒక గురువారం భార్యను తీసుకెళ్దామని గియాసుద్దీన్ లైబ్రరీకి వచ్చాడు. మార్గరెట్ అతన్ని చూసింది. తన చేతిలో ఉన్న బొమ్మను చూసింది. మళ్ళీ అతన్ని చూసింది.

"రుఖయ్యా, ఈయనెవరు?"

"మా ఆయన."

"కాదు. ఈయన విలియం డాంపియర్!"

బొమ్మలో మూడువందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు ఓడ కెప్టెన్ ఉన్నాడు. పొడుగు మొహం, నూనె లేని జుట్టు, సెలవు చీటీ తిరగ్గొట్టించుకున్నవాడి చూపు. గియాసుద్దీన్‌కు కూడా ఎక్కడో చూసిన మొహంలా అనిపించింది. అద్దంలో చూశాడని రుఖయ్యా తర్వాత చెప్పింది.

సంగతేమిటంటే, డాంపియర్ ఓడ ఆస్ట్రేలియా పడమటి తీరాన షార్క్ బేకి చేరింది 1699 ఆగస్టులో. సరిగ్గా మూడువందల ఏళ్ళయిన సందర్భంగా చరిత్ర సంఘంవాళ్ళు ఒక నాటకం వేస్తున్నారు. ఆ ప్రయాణంలో డాంపియర్ తన లెఫ్టినెంటును బెత్తంతో కొట్టినందుకు నౌకాదళం అతన్ని విచారించింది. నాటకం ఆ విచారణ గురించే. డాంపియర్ వేషం వెయ్యాల్సిన పోస్టుమాస్టరుగారికి మోకాలి ఆపరేషను అయింది. పోస్టర్లు అప్పటికే అంటించేశారు.

"నాటకమా? నా వల్ల కాదు," అన్నాడు గియాసుద్దీన్ కారులో. "టెన్త్‌లో ప్రతిజ్ఞ చెప్పమని స్టేజీ ఎక్కిస్తేనే కళ్ళు తిరిగి పడ్డాను."

"మీరు ఊరికే దిగులుగా నిలబడితే చాలంటండీ. అది మీకు వచ్చుగా," అంది రుఖయ్యా.

ఈ దేశం వచ్చిన పద్నాలుగు నెలల్లో ఆమె మొహం అంత వెలగడం అతను చూడలేదు. అందుకని సరే అన్నాడు.

ఇక రోజూ అన్నాల దగ్గర డాంపియర్ కథే. రుఖయ్యా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివేసి వచ్చి, కూర వడ్డిస్తూ చెప్పేది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయిన కౌలురైతు కొడుకు. ఓడెక్కాడు. మెక్సికో వైపు అడవుల్లో బట్టల రంగు తీసే చెక్క నరికే పనిలో కుదిరాడు. అదీ గిట్టక సముద్రపు దొంగల్లో కలిశాడు. స్పెయిన్ వాళ్ళ ఓడల మీద పడి దోచుకునేవాళ్ళ మధ్య కూచుని, ఈయన మాత్రం గాలులు ఎటు వీస్తున్నాయి, తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతోంది అని రాసుకునేవాడు. నదులు దాటేటప్పుడు ఆ కాగితాలు తడవకుండా వెదురుబొంగులో పెట్టి రెండు వైపులా మైనంతో మూసేవాడు.

"మొత్తానికి దొంగే కదా," అన్నాడు గియాసుద్దీన్.

"మొదట్లో దొంగ. తర్వాత ప్రైవటీరు. యుద్ధమప్పుడు శత్రువుల ఓడలు దోచుకోమని రాజే కాగితం రాసిస్తాడు. ఆ కాగితం ఉంటే ఉద్యోగం, లేకపోతే ఉరి."

"మన వీసా లాగా."

"అదే మరి. ఇంకోటి విన్నారా? మన మద్రాసులో కూడా నెలల తరబడి ఉన్నాడు. మామిడికాయ పచ్చడి గురించి రాశాడండీ! ముక్కలు కోసి ఉప్పూ వెల్లుల్లీ వేస్తారట. బాగానే ఉంది. తర్వాత వెనిగర్ పోస్తారట!"

ఆ వెనిగర్ విషయంలో రుఖయ్యా అతన్ని చివరిదాకా క్షమించలేదు. కానీ గియాసుద్దీన్‌కు ఆయన మీద ఇష్టం పెరుగుతూ వచ్చింది. ఏ ఓడా తనది కాకుండా, ఒకడి కింద పని అయిపోగానే ఇంకొకడి కింద చేరుతూ, భూమి చుట్టూ తిరిగొచ్చిన మనిషి. చివరికి రాసిన పుస్తకానికి పేరొచ్చి, నౌకాదళంవాళ్ళే పిలిచి ఓడ ఇచ్చారు. దాంతో పాటు ఒక లెఫ్టినెంటునూ ఇచ్చారు. ఆ లెఫ్టినెంటు ఫిషర్ నౌకాదళంలోనే పెరిగినవాడు. నిన్నటిదాకా దొంగల్లో తిరిగినవాడు నాకు పైవాడా అని మొదటి రోజు నుంచీ మూతి విరిచాడు. బ్రెజిల్ చేరేలోపు కెప్టెన్‌ను అడగకుండా బీరు పీపా తెరిపించాడు. డాంపియర్ బెత్తం తీసుకుని బాదాడు. గొలుసులు వేసి బ్రెజిల్‌లో పోర్చుగీసువాళ్ళ జైల్లో పెట్టించి వెళ్ళిపోయాడు.

"బీరు కోసమా?" అన్నాడు ఎన్నడూ బీరు ముట్టని గియాసుద్దీన్.

"బీరు కోసం కాదండీ. అడగనందుకు."

మొదటి రిహార్సలుకు వెళ్ళేసరికి లెఫ్టినెంటు ఫిషర్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. గియాసుద్దీన్ అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అతను ట్రెవర్. ఆఫీసులో తన టీమ్ లీడరు. రోజూ పొద్దున్నే తన బల్ల దగ్గరికి వచ్చి "స్టేటస్ ఏంటి, గ్యాజ్?" అని అడిగే మనిషి. గియాసుద్దీన్ అన్న పేరు ట్రెవర్ నోటికి తిరిగేది కాదు. మొదటి వారంలోనే దాన్ని గ్యాజ్‌గా కుదించేశాడు.

"గ్యాజ్! నువ్వా డాంపియర్?" అంటూ ట్రెవర్ పకపకా నవ్వాడు. "అయితే నన్ను నువ్వు కొట్టాలన్నమాట. భలే!"

గియాసుద్దీన్ కూడా నవ్వాడు కానీ ట్రెవర్‌కు దూరంగా ఉన్న కుర్చీ చూసుకుని కూచున్నాడు. కారణం ఉంది. అంతకు మూడు వారాల ముందు అతనొక తప్పు కనిపెట్టాడు. కంపెనీ ప్రోగ్రాములు 2000 ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులే లెక్కపెడుతున్నాయి. వెళ్ళి ట్రెవర్‌కు చెబితే, "వందతో భాగించబడేది లీపు సంవత్సరం కాదు మేట్, మీ స్కూల్లో చెప్పలేదా?" అన్నాడు. "నాలుగువందలతో భాగించబడితే అవుతుంది," అని గియాసుద్దీన్ మెల్లిగా అన్నాడు. ట్రెవర్ భుజం తట్టి పంపేశాడు. తర్వాతి సోమవారం మీటింగులో జనరల్ మేనేజరు డయాన్ ముందు ట్రెవర్ లేచి, "నేనొక ప్రమాదకరమైన తప్పు కనిపెట్టాను," అంటూ ఫిబ్రవరి ఇరవై తొమ్మిది గురించి పది నిమిషాలు చెప్పాడు. డయాన్ మెచ్చుకుంది. గియాసుద్దీన్ తలొంచుకుని తన నోటుబుక్కులో ఒక చేప బొమ్మ వేశాడు. ఆ సంగతి రుఖయ్యాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

రిహార్సళ్ళలో బెత్తానికి బదులు చుట్టిన న్యూస్‌పేపరు ఇచ్చారు. గియాసుద్దీన్ దాన్ని ఈగను తోలుతున్నట్టు ట్రెవర్ భుజానికి ఆనించి "సారీ" అనేవాడు.

"కెప్టెన్ సారీ చెప్పడు!" అని మార్గరెట్ తల పట్టుకునేది.

"సారీ," అనేవాడు గియాసుద్దీన్ ఆమెతో.

ఇంట్లో రుఖయ్యా దిండును కుర్చీలో కూచోబెట్టి ప్రాక్టీసు చేయించింది. "కోపం తెచ్చుకోండి. ఆ ఫిబ్రవరి సంగతి తలుచుకోండి."

"తలుచుకుంటే కోపం రావట్లేదు రుఖయ్యా. ఏడుపొస్తోంది."

నాటకం కబురు ఆఫీసులో తెలిసింది. మర్నాడు లంచ్‌రూములో రాధాకృష్ణ అతని పక్కన వచ్చి కూచున్నాడు. రాధాకృష్ణది వరంగల్. అతనూ కాంట్రాక్టు మీద వచ్చినవాడే. మొత్తం నలుగురు తెలుగువాళ్ళ తరఫున రాయబారానికి వచ్చాడు.

"అన్నా, నువ్వు ట్రెవర్‌ను కొడ్తున్నవట నిజమేనా?"

"నాటకంలో."

"నాటకమైనా దెబ్బ దెబ్బనే కదనే! నవంబర్ల కాంట్రాక్ట్ రెన్యూవల్స్ ఉన్నయ్. సంతకం పెట్టేదెవలు? గాయినే. నువ్వు గట్టిగ ఒక్కటేస్తే మనందరం జనవరి ఒకటికి హైదరాబాద్ ఫ్లైట్ల ఉంటం. జర మెల్లగ, పువ్వుతోని కొట్టినట్టు కొట్టు. నీ కాళ్ళు మొక్కుత."

"అట్లాగే కొడుతున్నాను. మార్గరెట్ తిడుతోంది."

"తిట్టనియ్యి! ఆమె రెన్యూ చేస్తదా?"

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం పోర్ట్ అడిలైడ్‌లోని ఒక పాత గోదాములో నాటకం. బయట చలిగాలి, వాన. అయినా ఎనభై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది తలలు నెరిసినవాళ్ళు. రాధాకృష్ణ వెనక వరుసలో దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు కూచున్నాడు. రెండో వరుసలో డయాన్ తన భర్తతో వచ్చి కూచుంది. ట్రెవరే ఆమెకు టిక్కెట్లు ఇచ్చాడు.

ఆ రోజు రెండు మార్పులు జరిగాయి. ఒకటి, మార్గరెట్ ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో నిజమైన బెత్తం సంపాదించింది. రెండు, ట్రెవర్ పొట్టకు కోటు గుండీలు పట్టలేదు. అందుకని దెబ్బ తగలకుండా లోపల కుట్టిన దూది మెత్తలు పీకేశాడు. ఈ రెండో సంగతి గియాసుద్దీన్‌కు తెలీదు.

తెర లేచింది. గియాసుద్దీన్ దిగులుగా నిలబడ్డాడు. చాలా బాగా నిలబడ్డాడని అందరూ అనుకున్నారు. ట్రెవర్ బీరు పీపా తెరిపించాడు. తన మాటలకు జనం నవ్వేసరికి అతనికి ఉత్సాహం పుట్టి, రాసివ్వని మాటలు కూడా కలపడం మొదలుపెట్టాడు. ముసలి దొంగ అన్నాడు. గుమాస్తా అన్నాడు. వెదురుబొంగులో కాగితాలు దాచుకునే పిరికివాడన్నాడు. డయాన్ నవ్వింది. అది చూసి ట్రెవర్ ఛాతీ విరుచుకుని, "ఈ ఓడలో తప్పులు కనిపెట్టేది నేను! నువ్వు కాదు!" అని గర్జించాడు.

గియాసుద్దీన్ చెయ్యి లేచింది. ఎలా లేచిందో అతనికి తెలీదు.

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిది!" అని అరుస్తూ ఒక్కటిచ్చాడు.

గోదాము రేకులు మోగినంత చప్పుడైంది. ట్రెవర్ "అబ్బా!" అన్నాడు. అది నాటకంలో లేని అబ్బా. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో రాధాకృష్ణ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గియాసుద్దీన్ నోటిదాకా వచ్చిన సారీని మింగేశాడు. తెర పక్కన నిలబడి మాటలు అందిస్తున్న రుఖయ్యాకు మాత్రం కాగితంలో తర్వాతి వాక్యం ఎక్కడుందో కనపడలేదు.

తర్వాత విచారణ. మార్గరెట్ తెల్ల విగ్గు పెట్టుకుని న్యాయమూర్తిగా వచ్చింది. సాక్షులయ్యాక జనమే జ్యూరీగా చేతులెత్తి తీర్పు చెప్పాలి. అసలు చరిత్రలో డాంపియర్ దోషి అని తేలింది కాబట్టి, జనం కూడా దోషి అంటారని, అప్పుడు తను చివరి పేజీ చదవచ్చని మార్గరెట్ లెక్క.

ముందు వరుసలో ఒక ముసలాయన, ఒకప్పుడు రేవులో ఓడలు నడిపినవాడు, చెయ్యెత్తాడు. "న్యాయమూర్తిగారూ, ముద్దాయి కొడుతూ ఏదో తేదీ అన్నాడు. అదేంటి?"

మార్గరెట్‌కూ తెలీదు. ఆమె ముద్దాయి వైపు తిరిగింది. "కెప్టెన్, సమాధానం చెప్పండి."

గియాసుద్దీన్ డయాన్ వైపు చూశాడు. ట్రెవర్ వైపు చూశాడు. ట్రెవర్ భుజం రుద్దుకోవడం ఆపేశాడు. అతని మొహంలో రంగు పోయింది. ఒక్క మాట చెబితే ట్రెవర్ పని అయిపోతుంది. చెప్పకపోతే, కారణం లేకుండా టీమ్ లీడర్ని బాదినందుకు తన పని అయిపోతుంది. అప్పుడు గియాసుద్దీన్‌కు రుఖయ్యా ఎప్పుడో అన్నాల దగ్గర చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"అయ్యా," అన్నాడు, "ఆ రోజుల్లో మన ఇంగ్లీషువాళ్ళది పాత క్యాలెండరు. దాని ప్రకారం 1700 ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. పోర్చుగీసువాళ్ళది కొత్త క్యాలెండరు. అందులో ఇరవై ఎనిమిదే. ఈ తేడా వల్ల ప్రమాదం ఉందని లెఫ్టినెంటుగారికి చెప్పాను. ఆయన వినలేదు."

ముసలాయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "కానీ కెప్టెన్, నువ్వు కొట్టింది 1699లో. 1700 ఇంకా రాలేదు."

"అదే నా బాధ సర్," అన్నాడు గియాసుద్దీన్. "సంవత్సరం ముందే చెప్పాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఏడాది కంప్యూటర్ల తేదీల గోల వినని ఇల్లు లేదు. నవ్వు వరుసలు దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. డయాన్ మాత్రం నవ్వలేదు. ట్రెవర్‌నే చూస్తోంది.

"లెఫ్టినెంట్," అంది మార్గరెట్, "ఇది నిజమేనా?"

ట్రెవర్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. అతను చెడ్డవాడు కాదు. పొగడ్త అంటే ప్రాణం, అంతే. "నిజమే," అన్నాడు చివరికి. "చెప్పాడు. నేను వినలేదు. తర్వాత నేనే కనిపెట్టానని అడ్మిరల్‌గారికి చెప్పుకున్నాను." అతను రెండో వరుస వైపు చూసి, "క్షమించండి, అడ్మిరల్," అన్నాడు.

డయాన్ భర్తకు ఏమీ అర్థం కాక చప్పట్లు కొట్టాడు. దాంతో అందరూ కొట్టారు.

"ముద్దాయి దోషి అనేవాళ్ళు చేతులెత్తండి," అంది మార్గరెట్. పది పదిహేను చేతులు లేచాయి. "కాదనేవాళ్ళు?" మిగిలిన గోదామంతా లేచింది. రాధాకృష్ణ రెండు చేతులూ ఎత్తాడు. ట్రెవర్ కూడా, నొప్పి లేని చెయ్యి ఎత్తాడు.

"కానీ చరిత్రలో దోషి!" అంది మార్గరెట్, విగ్గు పక్కకు జారుతుండగా. "జీతమంతా జప్తు చేశారు! రాణిగారి ఓడలు నడపడానికి పనికిరాడన్నారు!"

"తర్వాత ఏమయ్యాడు?" అని ముసలాయన అడిగాడు.

మార్గరెట్ కాగితాలు తిరగేస్తుంటే, తెర పక్క నుంచి రుఖయ్యా ముందుకొచ్చి ఇంగ్లీషులో, కొంచెం వణుకుతూ మొదలుపెట్టింది. పనికిరాడన్న ఏడాది తిరక్కుండానే, యుద్ధం రావడంతో ఆయన్నే పిలిచి ప్రైవటీరు ఓడ ఇచ్చారని, రాణిగారు స్వయంగా దర్శనమిచ్చారని చెప్పింది. ఆ ఓడలోనూ అందరితో గొడవపడ్డాడని, అయినా భూమిని మూడుసార్లు చుట్టిన మొదటి మనిషి అయ్యాడని చెప్పింది. షార్క్ బేలో కోసిన ఆకులూ పువ్వులూ ఓడ మునిగిపోయినా కాపాడి తెచ్చాడని, అవి ఇంకా ఇంగ్లండులో భద్రంగా ఉన్నాయని చెప్పింది. మొదటి రెండు వాక్యాల తర్వాత ఆమె వణుకు పోయింది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. వెనిగర్ సంగతి కూడా వదల్లేదు. ఎవరూ లేవలేదు.

సోమవారం డయాన్ ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. తలుపు వేసి ఉంది కాబట్టి లోపల ఏం జరిగిందో బయటివాళ్ళకు తెలీదు. బయటికి వచ్చాక ట్రెవర్ తన బల్ల దగ్గర నిలబడి టీమంతటికీ ఒక ఈమెయిల్ కొట్టాడు. లీపు సంవత్సరం తప్పు పట్టుకున్నది గియాసుద్దీన్ అని అందులో ఉంది. పేరు పూర్తిగా, అక్షరం తప్పకుండా ఉంది. పంపే ముందు గియాసుద్దీన్ దగ్గరికి వచ్చి ఆ పేరు ఎలా రాయాలో కాగితం మీద రాయించుకున్నాడు.

నవంబరులో అందరి కాంట్రాక్టులూ జనవరి నెలాఖరు దాకా పొడిగించారు. గియాసుద్దీన్‌ది మాత్రం మార్చి దాకా పొడిగించారు. ఫిబ్రవరి చివరి రోజున మనిషి ఉండాలి కదా అన్నది డయాన్. రాధాకృష్ణ కాగితం చూసి నిట్టూర్చాడు.

"అన్నా, గీ సంఘపోళ్ళు మల్లెప్పుడు నాటకం ఏస్తరు? నాగ్గూడ ఒక వేషం ఇప్పియ్యరాదు? నేను గట్టిగనే కొడ్త."

చరిత్ర సంఘం ఆ నెలలోనే ఒక తీర్మానం చేసింది. ఇకముందు నాటకాల్లో జనాన్ని తీర్పు అడగరాదని. అదే మీటింగులో ఇంకో తీర్మానం కూడా చేశారు. నెలకో శనివారం రుఖయ్యా లైబ్రరీలో ఒక చరిత్ర ప్రసంగం చెయ్యాలని. మొదటి ప్రసంగానికి ఆమె బందరు రేవు గురించి చెప్పింది. దానికి లైబ్రరీ గౌరవ వేతనం ఇచ్చింది. ఆ కవరు ఆమె చాలా రోజులు చింపలేదు.

నవంబరు చివర్లో, అక్కడి వసంతం ముదిరాక, ఒక ఆదివారం పొద్దున ట్రెవర్ గియాసుద్దీన్ ఇంటికి ఫోన్ చేశాడు. తనకొక చిన్న మోటారు పడవ ఉందట. అవుటర్ హార్బర్ నుంచి అలా సముద్రంలోకి వెళ్ళి చేపలు పట్టుకొద్దాం, రుఖయ్యాను కూడా తీసుకురా అన్నాడు. గియాసుద్దీన్ వద్దందామనుకున్నాడు. రుఖయ్యా అప్పటికే టోపీ పెట్టేసుకుంది.

రేవు గోడ దాటి పావుగంట కాలేదు. సముద్రం పెద్దగా ఏమీ లేదు, చిన్న చిన్న అలలే. గియాసుద్దీన్ మొహం ముందు పసుపు రంగుకూ, తర్వాత ఆకుపచ్చకూ తిరిగింది. పడవ అంచు మీదికి వంగి, పొద్దున తిన్న ఉప్మా అంతా సముద్రానికి ఇచ్చేశాడు.

ట్రెవర్ ఇంజను ఆపి, ఒక్క ఉదుటున వచ్చి, అతను నీళ్ళలో పడిపోకుండా చొక్కా కాలరు గట్టిగా పట్టుకున్నాడు. "మేట్! నువ్వు ఇంతకుముందు పడవెక్కలేదా?"

"లేదు," అన్నాడు గియాసుద్దీన్ మూతి తుడుచుకుంటూ.

"బందరులో పుట్టి కూడానా?" అంది రుఖయ్యా పడవ ముందుభాగంలోంచి. ఆమె చిప్స్ పొట్లం తెరిచి హాయిగా తింటోంది. గాలికి దుపట్టా జెండాలా ఎగురుతోంది.

"బందరులో మా ఇల్లు బస్టాండు దగ్గర," అన్నాడు గియాసుద్దీన్.

రుఖయ్యా దాన్ని ట్రెవర్‌కు ఇంగ్లీషులో చెప్పింది. ట్రెవర్ నవ్వడానికి నోరు తెరిచాడు. కానీ గియాసుద్దీన్ మళ్ళీ అంచు మీదికి వంగడంతో, నవ్వు ఆపుకుని, రెండో చేత్తో కూడా కాలరు పట్టుకున్నాడు.

"వెనక్కి తిప్పమంటావా, గియాసుద్దీన్?" అన్నాడు.

గియాసుద్దీన్ తలెత్తి భార్య వైపు చూశాడు. ఆమె సముద్రం కేసి చూస్తూ ఇంకో చిప్ నోట్లో వేసుకుంది.

"వద్దు," అన్నాడు. "ఇంకాస్త దూరం పోనీ."